సంకల్పము – ఎఱుక

యువరాజుగా నున్నపుడు దశరథుడు సరయూతీరమున, చీకటిలో శబ్దము విని, నీరు త్రాగు ఏనుగని తలచి బాణము వేసెను. కూలినవాడు మునికుమారుడు. తానే వెళ్లి నిజము విన్నవింపగా, తెలియక చేసినందువలననే బ్రతికితివని అంధుడైన తండ్రి పలికెను. అయినను పుత్రశోకశాపము తప్పలేదు.

నేటి న్యాయశాస్త్రమును ఈ భేదమును పాటించుచున్నది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 105వ సెక్షను ప్రకారము, చంపవలెనను సంకల్పము లేకున్నను, తన చేష్టవలన ప్రాణము పోవచ్చునని ఎఱిగియు చేసి మరణమునకు కారకుడైనవానికి పదేండ్లవరకు కారాగారము, జరిమానా కలవు. మద్యము సేవించి వాహనము నడిపి మరణమునకు కారకులైనవారిపై ఈ సెక్షను క్రిందనే కేసు పెట్టెదమని, హైటెక్ సిటీ ప్రాంతమున తనిఖీలు చేయు సైబరాబాద్ పోలీసులు హెచ్చరించుచున్నారు. మత్తులో నేమియు తెలియలేదను మాట చెల్లదు. స్వేచ్ఛగా త్రాగినవానికి, త్రాగకున్నచో నుండెడి ఎఱుకయే ఉన్నట్లు 24వ సెక్షను భావించును.

దశరథునకు నిజముగా తెలియదు. త్రాగి బండి తాళము చేతబట్టినవానికి తెలియును. ప్రతి బాటసారికిని ఇంట ఎదురుచూచువారు కలరు. చంపదలపలేదనుట మాత్రమే నిర్దోషత్వము కాదు. తెలిసియు మానకపోవుటయు దోషమే. అంతర్యామియైన శ్రీనివాసుడు సంకల్పమును, ఎఱుకను రెండింటిని చూచుచున్నాడు. ఆయన యొసగిన ఎఱుకను మత్తునకు అప్పగింపకుండుటయే భక్తుని ధర్మము.