గరగర ఆగితే కారణం తెలిసినట్టేనా?

ట్రాన్సిస్టర్లతో నడిచే పాత గిటార్ యాంప్లిఫయర్ గరగరలాడుతుంటే లోపం ఎక్కడుందో చెవి చెప్పలేదు. మురికి పట్టిన వాల్యూమ్ కంట్రోల్, వదులైన జాక్, డ్రై సోల్డర్, లీకయ్యే కండెన్సర్, చెడిన ట్రాన్సిస్టర్... కారణం ఏదైనా స్పీకర్లో వినిపించేది ఇంచుమించు ఒకే చప్పుడు. కార్యాన్ని బట్టి కారణాన్ని ఎంతవరకు తెలుసుకోగలం, తెలిసిందన్న నమ్మకం ఎప్పుడు నిలుస్తుంది అన్నది భారతీయ తర్కశాస్త్రమైన న్యాయదర్శనం తరతరాలుగా తర్కించిన ప్రశ్న. 17వ శతాబ్దికి చెందిన తెలుగు పండితుడు అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం నేటికీ ఆ శాస్త్రం చదవబోయేవారికి తొలి పాఠం. మరమ్మతు బల్ల దగ్గర అది అక్షరాలా పనికొస్తుంది.

పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది కానీ నిప్పున్న ప్రతిచోటా పొగ రాదు. తడి కట్టె తోడైతేనే వస్తుంది. ఆ తోడును నైయాయికులు, అంటే న్యాయదర్శన పండితులు, ఉపాధి అన్నారు. ధర్మవరంలో పక్కింటి పవర్‌లూమ్ మోటారు ఆన్ చేసినప్పుడల్లా యాంప్లిఫయర్ చిటపటలాడితే నేరం మోటారుదే అనిపిస్తుంది. అదే గదిలో మరో యాంప్లిఫయర్ పెట్టి చూస్తే కిక్కురుమనకపోవచ్చు. అంటే మోటారు ఒక్కటే చాలదు, మొదటి పెట్టెలో ఊడిన ఎర్త్ తీగ లాంటిదేదో తోడు కావాలి. బాగుచేయవలసింది ఆ తీగను, మగ్గాన్ని కాదు.

హిందూపురం, పెనుకొండ వైపు ఏడాది వాన తక్కువ, దుమ్ము ఎక్కువ. ఉమ్మడి అనంతపురం జిల్లా వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లే. కాబట్టి నాబ్ తిప్పినప్పుడు గరగరమంటే దుమ్మే అని ఎవరైనా అనేస్తారు. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి పదిసార్లు అటూ ఇటూ తిప్పితే చప్పుడు పోతుంది కూడా. కొన్నాళ్లకే తిరిగొస్తే ఆ ఊహ తప్పి ఉండొచ్చు. కంట్రోల్‌కు ముందున్న కండెన్సర్ లీకై డీసీని దాని మీదికి వదులుతుంటే, ఎంత శుభ్రం చేసినా గరగర మానదు. కంట్రోల్ రెండు కొసల మధ్య మీటరు పెడితే ఆ డీసీ దొరుకుతుంది.

ఇక్కడే నైయాయికులకూ, మీమాంస అనే మరో దర్శనానికి చెందిన మీమాంసకులకూ ఉన్న పాత వాదం తగులుతుంది. జ్ఞానం తనంతట తానే ప్రమాణమని, దాన్ని కాదనే బాధకం కనిపించేదాకా నమ్మవచ్చని మీమాంసకుల మాట. దాన్ని నమ్మి చేసిన పని ఫలిస్తేనే అది నిజమని తెలుస్తుందని నైయాయికుల మాట. మరమ్మతు నైయాయికుల పక్షమే. కానీ వచ్చిపోయే లోపం దగ్గర ఫలం కూడా మోసగిస్తుంది. నాలుగు కండెన్సర్లు ఒకేసారి మారిస్తే చప్పుడు ఆగిందనుకుందాం. వాటిలో మూడు కుమ్మరి గాడిద లాంటివి కావచ్చు: కుండకు ముందు మట్టి మోసినా కుండకు కారణం కానిదని శాస్త్రం దాన్ని పక్కన పెట్టింది. నాలుగోది కూడా కారణం కాకపోవచ్చు. సోల్డరింగ్ వేడికి పక్కనున్న పగిలిన అతుకు కరిగి కలిసి ఉండవచ్చు.

అందుకే అన్వయంతో పాటు వ్యతిరేకం కావాలి: ఉంటే ఉండాలి, తీస్తే పోవాలి. వాల్యూమ్ సున్నాకు తిప్పినా గరగర ఉంటే లోపం ఆ కంట్రోల్ తర్వాతి భాగంలో ఉంది, ఆగితే అంతకు ముందున్న భాగంలో. ప్రీయాంప్‌లో ఒక్కో ట్రాన్సిస్టర్ బేస్‌ను కండెన్సర్ ద్వారా గ్రౌండ్‌కు కలుపుతూ చివరి దశ నుంచి ఇన్‌పుట్ వైపు వెళ్లాలి. ఏ దశ దగ్గర చప్పుడు ఇక ఆగదో లోపం అక్కడే. ఆపై ఫ్రీజింగ్ స్ప్రేతో అనుమానమున్న ట్రాన్సిస్టర్‌ను చల్లబరిస్తే చప్పుడు ఆగి, హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేస్తే మళ్లీ రావాలి. కోరినప్పుడల్లా ఆపి, కోరినప్పుడల్లా తెప్పించగలిగితేనే కారణం తెలిసిందనడం న్యాయం. అతుకులకైతే పొడి చెక్కపుల్లతో తట్టి చూడటమే పరీక్ష. పవర్ సప్లై వైపు మాత్రం ప్లగ్ పీకి, పెద్ద కండెన్సర్లు ఖాళీ అయ్యాయని మీటరుతో చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి.

నలభై యాభై ఏళ్ల పెట్టెలో లోపాలు రెండుంటే ఈ పద్ధతీ తడబడుతుంది. మొదటిదాన్ని మార్చినా రెండోదాని వల్ల గరగర సాగుతుంది, అసలు దోషి నిర్దోషిగా తేలుతుంది. కాబట్టి మార్చిన భాగాన్ని అలాగే ఉంచి వెతుకుతూ పోవాలి, రెండోది దొరికాక మొదటి పాత భాగాన్ని ఒకసారి వెనక్కి పెట్టి వినాలి.