పొరుగువానిగూర్చి మన సాక్ష్యము

పొరుగువానిగూర్చిన అబద్ధసాక్ష్యమును నిషేధించు ఆజ్ఞను లూథరన్ సహోదరులు ఎనిమిదవదిగాను, మిగిలిన మనము తొమ్మిదవదిగాను లెక్కింతుము. లెక్కలో భేదమున్నను తలంపులో మనమందరము ఇంచుమించు ఒక్కటే. ఆ ఆజ్ఞ న్యాయస్థానమునకు సంబంధించినదనియు, బోనులో నిలిచి ప్రమాణము చేసి అబద్ధమాడువాడే అబద్ధసాక్షి యనియు మనము భావింతుము. నేనును చాలకాలము అట్లే తలంచితిని. అయితే 2023వ సంవత్సరపు వేసవిలో, స్వదేశమునకు బహుదూరమున, పచ్చిక కోయు ఒక పనివాని విషయములో, నోరు విప్పకయే నేను అబద్ధసాక్షినైతిని. ఆ సంగతిని చదువరుల యెదుట ఉంచుట అవసరమని తోచి ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

ఆ వేసవిలో అమెరికాలోని డల్లాస్ నగర శివారున ఒక తెలుగు విశ్వాసి కుటుంబము నాకు కొన్ని వారములు ఆతిథ్యమిచ్చెను. అచ్చట ప్రతి యింటి ముందును పచ్చిక యున్నది. మన పల్లెలలో గడ్డి కోయుట పశువుల మేతకొరకు. అచ్చట మేయు పశువు లేదు, అయినను గడ్డి కోయకుండ విడుచుటకు వీలులేదు. అది హద్దు మీరి పెరిగినయెడల ఇండ్ల యజమానుల సంఘమో, పురపాలక సంఘమో హెచ్చరిక పంపును. లక్ష్యపెట్టనియెడల జరిమానా విధించును. 1830లో ఇంగ్లండు దేశస్థుడైన ఎడ్విన్ బడ్డింగ్ గడ్డి కోయు యంత్రమును కనిపెట్టకమునుపు, సమముగా కత్తిరించిన పచ్చిక అనేకులైన కూలివారిని పెట్టుకొనగల ధనవంతుల వైభవముగా నుండెను. తరువాత అది సామాన్య గృహస్థుని విధియైనది. 2005లో ప్రకటింపబడిన ఒక పరిశోధన ఆ దేశమందలి పచ్చిక భూమి సుమారు 1,60,000 చదరపు కిలోమీటర్లని అంచనా వేసెను. అది నేటి మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విస్తీర్ణమునకు ఇంచుమించు సమానము. ఇంత గడ్డిని కోయు చేతులలో మెక్సికోనుండియు, మధ్య అమెరికా దేశములనుండియు బ్రదుకుదెరువుకై వచ్చినవారి చేతులు అనేకము.

ఈ పనివారికి పని ఎట్లు దొరకును? పూర్వము వారు ఇంటింటి తలుపునకు కరపత్రములు తగిలించెడివారు. బండిమీద పేరు వ్రాసికొనెడివారు. నేడు ఇరుగుపొరుగువారు ఫోనులలో మాటలాడుకొను బృందములే వారికి సంత వీధి. ఫేస్‌బుక్‌లో ఒక్కొక్క పేటకు ఒక్కొక్క బృందమున్నది. 2011లో ఆరంభమైన నెక్స్ట్‌డోర్ అను వేదిక ప్రత్యేకముగా ఇరుగుపొరుగువారికొరకే యేర్పడినది. ఒక గృహిణి "మా పచ్చిక బాగుగా కోయువారెవరైన ఉన్నారా?" అని అడుగును. గడియ గడువకమునుపే పది పేర్లు వచ్చును. పనివాడు తాను కోసిన పచ్చిక చిత్రములను, కోయకమునుపటివి ఒక ప్రక్క, కోసిన తరువాతివి మరియొక ప్రక్క, చూపును. అయితే వాటికన్న, "ఇతడు మా యింట రెండేండ్లుగా పని చేయుచున్నాడు, నమ్మదగినవాడు" అని పొరుగువారు వ్రాయు ఒక్క వాక్యమునకు విలువ యెక్కువ. దీనికి మరియొక కారణము కూడ కలదు. యంత్రములను బండిపై వేసికొని దూరమునుండి వచ్చువానికి ఒకే వీధిలో ఏడెనిమిది ఇండ్లు దొరికిననే గిట్టుబాటు. ప్రయాణమునకు పట్టు కాలమునకును నూనె ఖర్చునకును కూలి యిచ్చువారెవరును లేరు. కాబట్టి ఒక యింటివారి మాట ఆ వీధియంతటిలో అతని అన్నమును నిర్ణయించును.

పొరుగుతనమును ఇట్లు వ్యాపారమునకు వాడుకొనుట విశ్వాసికి తగునా అని కొందరు అడుగుదురు. ప్రేమింపవలసిన పొరుగువానిని ఖాతాదారునిగా చూచుట ఆ ప్రేమను చులకన చేయుట కాదా అని వారి సందేహము. సందేహము గంభీరమైనదే. అయినను మన ప్రభువు చెప్పిన ద్రాక్షతోట ఉపమానములో, సంత వీధిని నిలిచి పనికై ఎదురుచూచువారిని యజమానుడు నిందింపలేదు. సాయంకాలమువరకు నిలిచియున్నవారు తమ్మునెవరును పిలువలేదని మాత్రమే చెప్పిరి. పని అడుగుట సిగ్గుపడవలసిన సంగతి కాదు. పౌలు సయితము కొరింథులో డేరాలు కుట్టి జీవించెను. కాగా ఇచ్చట మనస్సాక్షిని పరీక్షింపవలసినది పని అడుగువానికన్న ముందుగా, అతనిగూర్చి మాట చెప్పు అధికారము గలవానిదే. అనగా ఆ వీధిలో ఇల్లు గలవానిది, ఆ యింట అతిథిగా నున్న నావంటివానిది.

ఒక గురువారము సాయంకాలము నేను ఆ యింటి ముందు నడచుచుండగా, కారు లోనికి వచ్చు దారి అంచున, పచ్చికకు నీరు చల్లు గొట్టపు మూతి పగిలి, నీరు ఊరుచుండుట చూచితిని. దానిప్రక్కనే కారు చక్రపు గుర్తున్నది. అల్పవిషయమని తలంచి మరచితిని. మరునాడు పనివాడు వచ్చి పచ్చిక కోసి వెళ్లెను. శనివారము సాయంకాలము ఇంటి యజమానుడగు సహోదరుడు అచ్చట మడుగు కట్టిన నీటిని చూచి, పనివాని యంత్రమే గొట్టమును పగులగొట్టెనని తీర్మానించి, పేట బృందములో వ్రాసెను. పగులగొట్టినవాడు చెప్పకుండ వెళ్లిపోయెనని కూడ వ్రాసెను. భోజనవేళ ఆ సంగతి నాకు చెప్పినప్పుడు, నేను గురువారము చూచినది జ్ఞాపకము వచ్చెను. నేను మాటలాడలేదు. అన్నము పెట్టుచున్న ఇంట ఆ యింటివారి తప్పు ఎత్తి చూపుట మర్యాద కాదనుకొంటిని. రేపు చెప్పవచ్చుననుకొంటిని. అంతకంటె నిజమేమనగా, ఆ పనివాని ముఖము నాకు జ్ఞాపకమైనను లేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆదివారము ఉదయము ఆరాధనకు బయలుదేరకమునుపు సంగతి చెప్పితిని. సహోదరుడు కొంతసేపు మౌనముగా నుండి, "అయ్యగారూ, ఈ మాట రాత్రే చెప్పవలసింది గదా" అనెను. అతడు యోగ్యుడు. వెంటనే తాను వ్రాసినదానిని తొలగించి, పొరబడితినని వ్రాసెను. అయితే మొదటి మాటను చదివినవారందరును రెండవ మాటను చదువలేదు. తరువాతి శుక్రవారము పనివాడు వచ్చినప్పుడు, అదే వీధిలో రెండిండ్లవారు తనను ఇక రావద్దని కబురు పంపిరని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పెను. కోపముతో చెప్పలేదు, ఎండనుగూర్చి చెప్పినట్లు చెప్పెను. రెండిండ్లు పోయిన వీధికి అంత దూరమునుండి వచ్చుట తనకు కష్టమని మాత్రము అనెను.

లేవీయకాండము అయిదవ అధ్యాయపు తొలి వచనమును నేను ఎన్నిసార్లు బోధించితినో లెక్కలేదు. ఒక సంగతిని కన్నులార చూచియో, తెలిసికొనియో సాక్షిగా ఉండదగినవాడు, దానిని తెలియజేయనియెడల దోషమును భరించునని అందలి భావము. మౌనమునకు కూడ నాలుక యున్నదని ధర్మశాస్త్రము ఎరుగును. మార్టిన్ లూథర్ 1529లో ప్రకటించిన చిన్న ప్రశ్నోత్తర గ్రంథములో ఈ ఆజ్ఞను వివరించుచు, అబద్ధమాడకుండుటతో తృప్తిచెందక, పొరుగువాని పక్షముగా మాటలాడి అతని పేరును కాపాడుటయు మన విధియని బోధించెను. నా భోజనపు బల్లయొద్ద ఈ బోధ నాకు జ్ఞాపకము రాకపోయెను.

నిందలో ఉన్న అబద్ధము పొగడ్తలో కూడ ఉండగలదు. బంధువులచేతను స్నేహితులచేతను తనగూర్చి మెప్పుమాటలు వ్రాయించుకొను వ్యాపారులున్నారు. డబ్బిచ్చి వ్రాయించుకొనువారును కలరు. అట్టి కల్పిత అభిప్రాయములను నిషేధించుచు అమెరికా వాణిజ్య కమిషన్ 2024లో ఒక నిబంధనను చేసెను. చట్టము చూచునది కొనువానికి కలుగు నష్టమును. విశ్వాసి మరియొకనిని కూడ చూడవలెను. అర్హత లేనివానిని మన మొగమాటముకొలది పొగడినప్పుడు, అర్హతయుండి పేరు పలుకబడని వేరొక పనివాడు ఆ పనిని పోగొట్టుకొనును. అతనిమీద మనము ఒక్క మాటయు అనలేదు; అయినను అతనికి అన్యాయము చేసితిమి.

ఇంకొక సంగతి ఆలోచింపవలసియున్నది. నెక్స్ట్‌డోర్‌లో పేటవాసిగా చేరుటకు ఆ పేటలో చిరునామా ఉన్నట్లు రుజువు చూపవలెను. వ్యాపారము చేయువారికి వేరుగా ఒక పుట కలదు. ఈ నియమమునకు తగిన కారణమున్నది, అయినను ఫలితమేమి? అచ్చట ఇల్లు కొనలేని పనివాడు వ్యాపారిగా మాటలాడవచ్చును గాని, పొరుగువాడుగా మాటలాడలేడు. పచ్చికకును ఇట్టి హద్దులకును ఆ దేశమున పాత సంబంధమున్నది. 1947లో న్యూయార్క్ సమీపమున కట్టనారంభించిన లెవిట్‌టౌన్‌లో వారమునకొకసారి పచ్చిక కోయవలెనను నియమమును, శ్వేతజాతీయులు కానివారు నివసింపరాదను నియమమును ప్రక్కప్రక్కనే యుండెను. అట్టి జాతి నిబంధనలను న్యాయస్థానములు అమలుపరచరాదని 1948లో ఆ దేశపు సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. తీర్పు హద్దును చట్టమునుండి తీసివేయగలదు. మన చూపునుండి తీసివేయుట వేరొక పని.

అనువాదకునిగా నేను "పొరుగువాడు" అను మాటతో చాలకాలము గడిపితిని. లూకా సువార్తలోని గ్రీకు మాటకు "దగ్గరనున్నవాడు" అని అర్థము. ధర్మశాస్త్రోపదేశకుడు ఆ దగ్గరతనమునకు హద్దు ఎక్కడ అని అడిగెను. ప్రభువు హద్దు చెప్పక, గాయపడినవానికి దగ్గరగా వచ్చిన సమరయుని కథ చెప్పెను. ఆ సమరయునికి ఆ దారిలో చిరునామా లేదు. మరియు యాకోబు పత్రిక అయిదవ అధ్యాయములో, మొఱ్ఱపెట్టు కూలినిగూర్చి వ్రాయబడిన చోట, "కోయుట" అను అర్థమిచ్చు గ్రీకు క్రియ క్రొత్త నిబంధనయంతటిలో అక్కడ మాత్రమే కనబడును. కూలి బిగబట్టుట డబ్బు ఇయ్యకపోవుట మాత్రమే కాదని, ఒకని మంచి పేరును బిగబట్టుటవలన కూడ అతని కూలి నిలిచిపోవునని ఆ వేసవిలో గ్రహించితిని.

మరి చేయవలసినదేమి? సహోదరుడు చేసినది నేను చెప్పగల పాఠములన్నిటికంటె మేలైనది. అతడు ఫోను ప్రక్కనబెట్టి, ఆ రెండిండ్లకు నడచి వెళ్లి తలుపు తట్టి, తప్పు తనదని చెప్పెను. ఒక యింటివారు పనివానిని మరల పిలిచిరి. రెండవవారు అప్పటికే వేరొకనిని కుదుర్చుకొనిరి. ఫిలేమోనుకు పౌలు వ్రాసిన పత్రిక నాకు అప్పుడు జ్ఞాపకము వచ్చెను. ఒనేసిమును చేర్చుకొనుమని వేడుకొనుటతో పౌలు ఊరకుండలేదు. అతడు ఏమైన అచ్చియుండినయెడల తానే తీర్చెదనని తన చేతితో వ్రాసెను. నిజమైన సిఫారసు చేయువానికి ఖర్చు తగులును. సహోదరునికి తగిలినది సిగ్గు. నేను అతనితోకూడ ఆ గుమ్మములయొద్ద నిలువలేదు, నిలిచియుండవలసినది.

ప్రియ చదువరీ, మన యిండ్లలో పచ్చిక లేకపోవచ్చును. అయితే హైదరాబాదులోనో, విశాఖపట్టణములోనో, బెంగుళూరులోనో మన అపార్టుమెంటు వాట్సాప్ బృందము మన చేతిలోనే యున్నది. పనిమనిషి గూర్చి, వంటమనిషి గూర్చి, డ్రైవరు గూర్చి అందులో మాటలు జరుగును. వారెవరును అందులో సభ్యులు కారు. "ఆమె చేయి మంచిది కాదు" అని ఎవరో ఒక మాట వ్రాసినప్పుడు, ఆమె మన యింట అయిదేండ్లుగా నమ్మకముగా పని చేసియున్నను, మనకెందుకులే అని ఊరకుందుము. ఆ ఊరకుండుట ఎవరి అన్నమును తీసివేయుచున్నదో ఎరుగము. నేటి రాత్రి పండుకొనకమునుపు ఆ బృందమును ఒక్కసారి తెరచి చూడుడి. మనము చెప్పవలసియుండి చెప్పని మాట ఏదైన అందులో మిగిలియున్నదేమో ఆలోచించుడి. మిగిలియున్నయెడల తెల్లవారువరకు దాచకుడి. కూలివాని కూలిని ఉదయమువరకు నిలుపరాదని ధర్మశాస్త్రము బోధించుచున్నది గదా.

తండ్రియొద్ద మన పక్షమున మాటలాడు ప్రభువు, మాటలాడు అవకాశము లేనివారి పక్షమున సత్యము పలుకు నాలుకను మనకు దయచేయును గాక.