వృద్ధుల దిగులు విశ్వాస లోపమా?

మన ఇళ్ళలో తరచుగా కనిపించే దృశ్యం ఇది. దాదా మూడు నెలలుగా సరిగా తినడం లేదు. రాత్రి రెండింటికే మెలకువ వస్తుంది, మళ్ళీ నిద్ర పట్టదు. ఒళ్ళు నొప్పులంటారు, కడుపులో మంట అంటారు. మనవలు వచ్చి సలాం చెప్పినా ముఖంలో వెలుగు కనిపించదు. అజాన్ కంటే ముందే మస్జిదుకు బయలుదేరే మనిషి ఇప్పుడు గది దాటి రావడం లేదు. "ఈ వయసులో ఇంకేం కావాలి అబ్బా? సబర్ చేయండి, అల్లాహ్‌ను తలచుకోండి" అంటారు ఇంట్లోవారు. ఆ మాట మంచిదే. అయితే దాని వెనుక పైకి అనని మరో మాట ఉంటుంది: ఈయన విశ్వాసం సన్నగిల్లిందని. ఆ రెండో మాట నిజమేనా?

హజ్రత్ యాఖూబ్ (అలైహి) జీవితాన్ని ఒకసారి గుర్తు చేసుకుందాం. ప్రియమైన కుమారుడు యూసుఫ్ దూరమైన దుఃఖంతో ఆ వృద్ధ తండ్రి కళ్ళు తెల్లబారిపోయాయని దివ్యఖుర్ఆన్‌లోని యూసుఫ్ సూరా తెలుపుతోంది. కొడుకులు ఆయన్ని ఓదార్చలేదు సరికదా, ఇలా తలచుకుంటూ కూర్చుంటే క్షీణించిపోతారని మందలించారు. తన బాధను అల్లాహ్‌కే మొర పెట్టుకుంటున్నానన్నారాయన. అల్లాహ్ కారుణ్యం పట్ల నిరాశ చెందవద్దని, యూసుఫ్‌నూ అతని సోదరుణ్ణీ వెతకమని ఆ కొడుకులనే పంపారు. అంటే ఒకే హృదయంలో తీరని దుఃఖమూ, చెదరని విశ్వాసమూ కలిసి ఉండగలవన్నమాట. ప్రవక్త కన్నీటిని విశ్వాస లోపమని మనం అనలేనప్పుడు, మన ఇంటి పెద్దల కన్నీటిని అలా అనడానికి మనమెవరం?

అల్లాహ్ స్మరణలోనే హృదయాలకు ప్రశాంతత ఉందని మన విశ్వాసం. ఇందులో సందేహం లేదు. కాని చక్కెర వ్యాధి ఉన్నవారికి దుఆ చేస్తూనే మందు కూడా ఇస్తాం కదా! వైద్యం చేయించుకోవచ్చా అని కొందరు పల్లెవాసులు అడిగినప్పుడు దైవప్రవక్త (స) చేయించుకోమన్నారు. అల్లాహ్ ప్రతి వ్యాధికీ మందు ఉంచాడని, ఒక్క ముసలితనానికి తప్ప అని తెలిపారు. మనం చేసే పొరపాటు ఇక్కడే ఉంది. దిగులును కూడా ముసలితనంలో భాగమనుకుని మందు లేని వాటి జాబితాలో చేర్చేస్తున్నాం. నెరిసిన జుట్టు ముసలితనం. వారాల తరబడి వీడని దిగులు మాత్రం వ్యాధి, దానికి చికిత్స ఉంది.

2017-18లో మన దేశంలో వృద్ధాప్యంపై జరిగిన పెద్ద సర్వేలో, 60 ఏళ్ళు దాటినవారిలో నూటికి సుమారు ఎనిమిది మందిలో కుంగుబాటు లక్షణాలు కనిపించాయి. కాని తమకు ఆ వ్యాధి ఉందని డాక్టరు నిర్ధారించినట్లు చెప్పినవారు నూటికి ఒక్కరు కూడా లేరు. మిగతావారంతా 'వయసు మీద పడింది' అన్న మాట కింద మరుగున పడిపోయారు.

పెద్దవారిలో ఈ వ్యాధి ఏడుపుగా కంటే నొప్పులుగా, నిద్రలేమిగా, మతిమరుపుగా బయటపడడం ఎక్కువ. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ లోపం వల్ల కూడా ఇలాంటి లక్షణాలు రావచ్చు. చెవుడు వచ్చిన మనిషి నలుగురిలోకి రావడమే మానేస్తారు. కనుక ముందు డాక్టరుకు చూపించాలి. మందులు పని చేయడానికి కొన్ని వారాలు పడుతుంది. తగ్గింది కదా అని సొంతంగా ఆపకూడదు. 'నేను పోతే మీకు భారం తీరుతుంది' అంటే మాట దాటవేయకూడదు, ఒంటరిగా వదలకూడదు. వెంటనే వైద్యుణ్ణి సంప్రదించాలి. 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేస్తే తెలుగులోనే సలహా దొరుకుతుంది.

అయితే మాత్రతో మన బాధ్యత తీరిపోదు. మస్జిదు ఊడ్చే ఒక స్త్రీ కనిపించకపోతే, ఆమె ఏమైందని దైవప్రవక్త (స) అడిగారు. చనిపోయిందని తెలిసి, తనకెందుకు చెప్పలేదని ప్రశ్నించి, ఆమె సమాధి దగ్గరకు వెళ్ళి నమాజు చేశారు. అందరూ చిన్నదిగా చూసిన మనిషి లోటును ఆయన గుర్తించారు. మన వీధి మస్జిదులో ఒక పెద్దాయన నాలుగు జుమాలుగా కనిపించకపోతే మనలో ఎందరం అడుగుతున్నాం?

వేళకు అన్నం పెడితే పెద్దల హక్కు తీరిందనుకుంటాం. కాని తన అవసరం ఎవరికీ లేదనే భావన మనిషిని ఆకలికంటే ఎక్కువగా కుంగదీస్తుంది. పిల్ల సంబంధం గురించి దాదీని అడగండి. మనవడికి సూరాలు నేర్పమని నానాకు అప్పగించండి. సాయంత్రం చేయి పట్టుకుని మస్జిదుదాకా నడిపించండి. సెల్‌ఫోన్ పక్కన పెట్టి, పదిసార్లు విన్న కథే అయినా పదకొండోసారి వినండి.

యాఖూబ్ (అలైహి) కళ్ళకు చూపు తిరిగి వచ్చింది అల్లాహ్ అనుగ్రహంతోనే. కాని యూసుఫ్ చొక్కాను తెచ్చి ఆయన ముఖంమీద వేయడానికి ఒక మనిషి నడిచి రావలసి వచ్చింది. మన పెద్దల వద్దకు అలా నడిచి వెళ్ళే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.