మార్కులు వేసే చేయి, మనసు వినే చెవి



విశాఖపట్నంలో నీట్ కోచింగు తీసుకుంటున్న ఒక విద్యార్థిని 2023లో మరణించింది. ఆ కేసులో సుప్రీంకోర్టు, 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హతగల కౌన్సిలరు ఒకరైనా ఉండాలని 2025 జూలైలో ఆదేశించింది. మంచిదే. అయితే ఆ కుర్చీలో ఎవరిని కూర్చోబెడతాం? ఖర్చు కలిసివస్తుందని లెక్కల మాస్టారికో, హెడ్మాస్టరుకో ఆ పని అప్పగిస్తే పిల్లవాడు నోరు విప్పుతాడా? మార్కులు వేసేదీ, టి.సి. చేతిలో పెట్టేదీ వారే కదా!

శ్రీసభకు ఈ సంగతి బాగా తెలుసు. 1983 నాటి శ్రీసభ చట్టం 985వ సూత్రం ప్రకారం గురువిద్యాలయ రెక్టరుగానీ, మరే విద్యాసంస్థ అధిపతిగానీ తన బోర్డింగు పిల్లల పాపసంకీర్తనం వినరాదు, వారంతట వారు కోరితే తప్ప. రెక్టరు చెడ్డవారని కాదు. ఎంతటి పుణ్యాత్ముడైనా, మన భవిష్యత్తు ఆయన గుప్పిట్లో ఉన్నప్పుడు గుండె గొంతులోనే ఆగిపోతుంది.

బిడ్డ చెప్పినదంతా మాకూ చెప్పాలి అంటారు తల్లిదండ్రులు. ప్రాణాపాయముంటే చెప్పి తీరవలసిందే; కౌన్సిలింగు పాపసంకీర్తనం కాదు. మిగతాది బిడ్డ సొత్తు. మీ పాఠశాలలో ఈ నియామకం మాట వచ్చినపుడు జీతమెంత అన్న ప్రశ్నకు ముందు, ఆ వ్యక్తి ఎవరికి రిపోర్టు ఇస్తారో అడగండి.