చెర వీడిన వాళ్ళ ఊరికి వస్తున్న మనవడికి

నాయనా,

నువ్వు ఫోన్లో పంపిన పొడుగాటి మెసేజ్ మీ అమ్మమ్మకి చదివి వినిపించాను. ‘తండేల్’ సినిమా చూశాక మన తీరం మీద డాక్యుమెంటరీ తీయాలనిపించిందన్నావు. పాకిస్తాన్ జైలు నుంచి తిరిగొచ్చిన మన మత్స్యకారులతో మాట్లాడించమన్నావు. “వాళ్ళు విడుదలైనప్పటి ఆనందం ఒక్కటీ దొరికితే చాలు తాతా, మిగతాది నేను చూసుకుంటాను” అని కూడా రాశావు. మాట్లాడిస్తాను. కానీ ఆ ‘మిగతాది’ గురించి నీకు ముందే కొంత చెప్పాలి.

ముందు నువ్వడిగిన ఆనందం సంగతే చెబుతాను. 2020 జనవరి 6న మనవాళ్ళు 20 మంది వాఘా గేటు దాటి ఇటు వచ్చారు. 2018 నవంబరు ఆఖర్లో పట్టుబడ్డవాళ్ళు, అంటే పదమూడు నెలలు దాటింది. టీవీ ఉన్న ఇళ్ళలో ఆరోజు కాలు పెట్టే చోటు లేదు. దూరం నుంచి చూపించారేమో, ముఖాలు సరిగ్గా ఆనలేదు. “ఆడు మావోడే”, “కాదే, మీవోడు అలగ నడుస్తాడేటి?” అని ఆడవాళ్ళు వాదులాడుకున్నారు. ఒకావిడ పెనిమిటిని పోల్చుకుని కూడా నోరు మెదపలేదు. పక్కనున్న పిల్లకి మొగుడు ఇంకా కనపడలేదు మరి. ఏడుపులు తర్వాత, ఎవరిళ్ళకి వాళ్ళు పోయాక. ఒక ముసలాయన మాత్రం లోపలికి కేకేసి “బియ్యం ఎన్నున్నాయే?” అని అడిగాడు. నీకు కావలసిన ఆనందం ఇలాంటిది. ఇప్పుడు మనిషిని కెమెరా ముందు కూర్చోబెట్టి “అప్పుడు మీకేమనిపించింది?” అంటే అది బయటికి రాదు. “సంతోసం బాబూ” అంటారు. నువ్వు మళ్ళీ అడుగుతావు. మూడోసారికి ఏడుస్తారు. పని అయిందని నువ్వు కెమెరా కట్టేస్తావు. ఆ ఏడుపు నువ్వు లాగింది, వాళ్ళు ఇచ్చింది కాదు.

నా మాట వింటే, వాఘా దగ్గర కాదు, గుజరాత్‌లోని వీరావల్ వెళ్ళే రైలు దగ్గర మొదలుపెట్టు. శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం ఉంది. మనవాళ్ళు పట్టుబడేనాటికి పెద్ద బోట్లు నిలుపుకునే ఫిషింగ్ హార్బర్ ఒక్కటీ లేదు. అందుకని ఆగస్టులో గుజరాత్ వైపు వేట మొదలయ్యేసరికి ఊళ్ళకి ఊళ్ళే రైలెక్కుతాయి. అక్కడి బోటు యజమాని అడ్వాన్సు ఇస్తాడు. బోటు నడిపేవాడు తండేలు, మిగతావాళ్ళు కలాసీలు. ఒకసారి సంద్రంలోకి వెళితే రెండు మూడు వారాలు ఒడ్డు చూడరు. గుజరాత్ కొసన ఉన్న సర్ క్రీక్ అనే పాయ మీద తగాదా ఇప్పటికీ తేలలేదు కాబట్టి, అక్కడి నుంచి సముద్రంలోకి రెండు దేశాల హద్దు గీత కాగితం మీద కూడా ఖరారు కాలేదు. నీళ్ళ మీద ఎక్కడుంటుంది? ఇంజను ఆగినా, పోటు లాగినా, చేప వెనక వెళ్ళినా బోటు అటు పోతుంది. ఆ రోజుల్లో ఒక ఆఫీసరు మన ఊరి ఆవిడ ఒకరితో “హద్దు దాటడం తప్పే కదమ్మా” అన్నాడట. ఆవిడ “సంద్రంలో గీత ఎక్కడుందో సూపించు బాబూ, రేపట్నించి మావోళ్ళు దాటరు” అంది.

చట్టం కూడా ఆవిడ వైపే మాట్లాడుతుంది. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందంలో 73వ అధికరణం చూడు. తీరం నుంచి 200 నాటికల్ మైళ్ళ దాకా ఉండే ప్రత్యేక ఆర్థిక మండలంలో చేపల చట్టం మీరినవాళ్ళకి, రెండు దేశాలూ వేరే ఒప్పందం చేసుకుంటే తప్ప, జైలుశిక్ష వేయకూడదు. పూచీకత్తు తీసుకుని బోటునీ మనుషుల్నీ తొందరగా వదిలేయాలి. ఇండియా, పాకిస్తాన్ రెండూ ఆ ఒప్పందాన్ని ఒప్పుకున్న దేశాలే. జరిగేది మాత్రం హద్దు మీరారన్న కేసు, కరాచీలో లాంఢీ జైలు. బోటు చాలావరకు తిరిగి రాదు. అందుకని నీ సినిమాలో “తెలియక తప్పు చేసి క్షమాభిక్ష పొందిన అమాయకులు” అన్న ధోరణి రానీయకు. జైల్లో పెట్టకూడని మనుషుల్ని పెట్టారు. వదలడం దయ కాదు, ఆలస్యం.

ఇక ఆ పదమూడు నెలలు ఇంటి దగ్గర ఏం జరిగిందో ఆడవాళ్ళనే అడుగు. దానికి వాళ్ళు జవాబు చెబుతారు, కావాలంటే పొద్దుపోయేదాకా చెబుతారు. పట్టుబడ్డవాడు మన దేశస్థుడేనని ఇక్కడి నుంచి నిర్ధారణ వెళ్ళాలి. ప్రతి ఇంట్లో ఒక పాలిథిన్ కవరు ఉండేది. అందులో ఆధార్ జిరాక్సు, రేషన్ కార్డు, ఓటరు కార్డు, పాస్‌పోర్టు సైజు ఫోటో లేక పెళ్ళి ఫోటోలోంచి కత్తిరించిన ముఖం. ఒక కార్డులో ఇంటిపేరు ఒకలా, ఇంకో కార్డులో ఇంకోలా. నా దగ్గరికి అర్జీలు రాయించుకోడానికి వచ్చేవాళ్ళు. వేలిముద్ర వేసే మనిషి కూడా కలెక్టరేట్లో ఏ కాగితం ఏ టేబుల్ మీదికి వెళుతుందో నాకే చెప్పేది.

రెండు దేశాల మధ్య 2008లో ఒక ఒప్పందం జరిగింది. ఏటా జనవరి 1న, జులై 1న ఒకరి జైళ్ళలో ఉన్న ఇంకొకరి మనుషుల జాబితాలు మార్చుకుంటారు. అరెస్టయిన మూడు నెలల్లోగా రాయబార కార్యాలయం వాళ్ళని కలవనివ్వాలి. శిక్ష పూర్తయి, ఫలానా దేశస్థుడని తేలాక నెలలోగా పంపేయాలి. రాసుకున్నది బాగానే ఉంది. మనవాళ్ళు లోపల ఉండగానే 2019 ఫిబ్రవరిలో పుల్వామాలో దాడి, ఆ వెంటనే బాలాకోట్ మీద వైమానిక దాడి. టీవీల్లో యుద్ధం. ఏప్రిల్లో పాకిస్తాన్ 360 మంది ఖైదీల్ని వదులుతామని ప్రకటించింది, దాదాపు అందరూ మత్స్యకారులే. అందులో మనవాళ్ళు లేరు. ఆగస్టులో 370వ అధికరణం గొడవతో రెండు దేశాల మధ్య మాటలే తెగిపోయాయి. ఢిల్లీలో ఏం జరిగినా మన తీరంలోని మత్స్యలేశంలో ఒక పొయ్యి వెలగకపోవడం అంటే ఏమిటో అప్పుడు చూశాను. విడుదల నాటి ఊరటలో ఈ ఏప్రిల్ దెబ్బ కూడా ఉంది. అందుకే చాలామంది మనిషి గుమ్మంలోకి వచ్చేదాకా నమ్మలేదు.

వచ్చినవాళ్ళతో ఎలా ఉండాలో కూడా విను. “కొట్టారా? ఏం పెట్టారు?” అని అడగకు. ఊరంతా అడిగి అడిగి వదిలేసిన ప్రశ్నలవి. ఒకతను ఇంటికొచ్చాక చాలా రోజులు, సాయంత్రం ఖైదీల్ని లెక్కపెట్టే వేళకి ఉన్నచోట లేచి నిలబడేవాడు. పెళ్ళాం చూసీ చూడనట్టు పని చేసుకునేది. ఆ ఇంట్లో ఎవరూ దాని గురించి మాట్లాడుకోలేదు, నువ్వూ మాట్లాడించకు. ప్రభుత్వం తలా 5 లక్షలు ఇచ్చింది. అది మంచి పనే. ఆ డబ్బు ఏమైందని ఆరా తీసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అడ్వాన్సు బాకీలు, పదమూడు నెలల చేబదుళ్ళు ఉన్న ఇంట్లో డబ్బు ఏమవుతుందో ఆ మాత్రం ఊహించుకోవచ్చు. మన తీరం నుంచి మళ్ళీ వీరావల్ రైలెక్కేవాళ్ళు కనిపిస్తారు. “ఇంత జరిగాక మళ్ళీ ఎందుకెళ్తున్నారు?” అని నోరు జారకు. వాళ్ళ ముందు అడగాల్సిన ప్రశ్న కాదది. హార్బర్ కట్టాల్సిన వాళ్ళని అడుగు.

ఇంకో సంగతి, నీకు కాస్త ఇబ్బందిగా ఉండొచ్చు. కరాచీ పక్కన ఇబ్రహీం హైదరీ అని మనలాంటి జాలరి ఊరుంది. అటు మగవాళ్ళూ ఇలాగే మన గుజరాత్ వైపు వచ్చి పట్టుబడతారు, మన జైళ్ళలో ఉంటారు. అక్కడి ఆడవాళ్ళూ కవరు పట్టుకుని తిరుగుతారు. మత్స్యకారుల్ని వదిలినప్పుడు కరాచీ నుంచి లాహోర్ దాకా రైలు ఖర్చు చాలాసార్లు అక్కడి ఈదీ ఫౌండేషన్ పెట్టుకుంటుంది, చేతిఖర్చుకి కొంత ఇస్తుంది కూడా. అది చెప్పకుండా పక్క దేశాన్ని తిట్టే సంగీతం వేస్తే నీ వీడియో ఎక్కువమంది చూస్తారేమో గాని, తిరిగొచ్చినవాళ్ళు మాత్రం నీ ముందు ఇంకో మాట మాట్లాడరు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన సంద్రంలో వేట బంద్. మగవాళ్ళు ఊళ్ళో ఉంటారు, వలలు బాగుచేసుకుంటూ ఉంటారు. మే నెలలో రా. మొదటి రెండు రోజులు కెమెరా ఇంట్లోనే పెట్టి, నాతో వచ్చి ఊరికే కూర్చో. అడగాలనుకున్న ప్రశ్నలు ముందే రాసి పంపు, మీ అమ్మమ్మా నేనూ చూసి కొట్టేయాల్సినవి కొట్టేస్తాం. రిజర్వేషన్ ఇప్పుడే చేయించుకో, సెలవుల్లో శ్రీకాకుళం రోడ్డు దాకా బెర్తులు దొరకవు.

మీ తాతయ్య