వెనుకబడినవానికొరకు ఆగువాడు

ధ్యానమునకు: ప్రసంగి 4:9–12, లూకా 24:13–35



మన పల్లెలలో సైకిలు తొక్కనేర్వని మగవాడు అరుదు. మన ఆడపిల్లలును నేడు సైకిళ్లమీద బడికి పోవుచున్నారు. మోటారు బండ్లు ఎంత పెరిగినను, పొలమునకును, పాలకేంద్రమునకును, ప్రక్క ఊరి కూటమునకును సైకిలుమీదనే పోవువారు మన సంఘములలో ఇంకను కలరు. కాబట్టి ఈ మాసము మనమందరము ఎరిగిన ఈ సంగతినుండియే ఒక పాఠము నేర్చుకొందము. అది సైకిలును గూర్చినది కాదు. దారిలో మనతోకూడ సైకిలు తొక్కుచు వచ్చు తోటివానిని గూర్చినది.

ఒంటరిగా పోవువాని పాట్లు మీకు తెలియును. తుమ్మముల్లు గ్రుచ్చుకొని ట్యూబులో గాలి పోయినయెడల అతడు ఎండలో సైకిలు నడిపించుకొనుచు పోవలసినదే. చీకటిలో చైను ఊడినయెడల దీపము పట్టువాడు లేడు. కాలువగట్టున జారిపడినయెడల చెయ్యి అందించువాడు లేడు. ఇద్దరున్నప్పుడో, ఒకడు చక్రము పట్టుకొనగా వేరొకడు పంపుతో గాలి కొట్టును. పని కష్టమే అయినను మాటలలో గడచిపోవును. ప్రసంగి గ్రంథము వ్రాసిన జ్ఞాని సైకిలును ఎరుగడు గాని మనుష్యుని ఎరుగును. పడినవానిని లేపుటకు తోటివాడొకడు ఉండుట ఎంత మేలో, అట్టివాడు లేకుండుట ఎంత దుఃఖమో ఆయన మనకు తేటగా బోధించియున్నాడు.

అయితే ప్రక్కను వచ్చువాడెల్ల మంచి తోడు కాడు. మంచి తోడునకు గురుతులేవో చూతము.

మొదటిది: మంచి తోటివాడు ఎదురుగాలికి తన రొమ్మును ఒడ్డును. సమమైన బాటమీద వేగముగా తొక్కునప్పుడు మన బలములో ఎక్కువ భాగము గాలిని త్రోయుటకే ఖర్చగును. ముందు పోవువాడు గాలిని చీల్చుకొనుచు పోగా, అతని వెనుక దగ్గరగా వచ్చువానికి శ్రమ నాలుగవ వంతు, ఒక్కొక్కప్పుడు మూడవ వంతు తగ్గును. పందెములలో తొక్కువారు ఈ సంగతి ఎరిగి, వంతులవారీగా ముందునకు వచ్చి గాలిని భరించెదరు. ఎల్లప్పుడును వెనుకనే దాగి వచ్చువానిని ఎవరును తోడుగా కోరరు. మన సంఘములో ఎట్లున్నది? గుడి ఊడ్చుటకు, గంట కొట్టుటకు, రోగులను చూచుటకు ఒకే మనిషి యేండ్ల తరబడి ముందు పోవుచుండగా, మనము అతని వెనుక సుఖముగా సాగిపోవుచున్నామా? ఒకరి భారములొకరు మోయవలెనని పౌలు గలతీయులకు వ్రాసినప్పుడు, మోయువాడు ఎల్లప్పుడును ఒక్కడే కావలెనని వ్రాయలేదు.

రెండవది: మంచి తోటివాడు తన లాభమును విడిచిపెట్టగలవాడు. ఫ్రాన్సు దేశమున 1903వ సంవత్సరమునుండి, యుద్ధములవలన ఆగిన సంవత్సరములలో తప్ప, దేశమును చుట్టివచ్చు గొప్ప సైకిలు పందెము ఏటేట జరుగుచున్నది. 1934వ సంవత్సరపు పందెములో రెనే వియెట్టో అను ఇరువది యేండ్ల పడుచువాడు కొండలమీద అందరికంటె బాగుగా తొక్కుచుండెను. అతని జట్టునకు నాయకుడు ఆంటోనిన్ మాన్యే. పిరనీ పర్వతములలో ఒకచోట దిగువకు వచ్చుచుండగా నాయకుని ముందు చక్రము విరిగెను. వియెట్టో తన చక్రమును ఊడదీసి అతనికిచ్చి పంపివేసి, వేరొక చక్రము వచ్చువరకు బాట ప్రక్కను గోడమీద కూర్చుండి కన్నీరు కార్చెను. మరునాడు నాయకుని సైకిలు మరల చెడిపోయెను. అప్పటికి వియెట్టో ముందునకు పోయియుండెను. సంగతి తెలిసి అతడు సైకిలు త్రిప్పి, దిగివచ్చిన కొండనే తిరిగి ఎక్కి, తన సైకిలునే నాయకునికి ఇచ్చెను. ఆ యేడు మాన్యే గెలిచెను. వియెట్టో అయిదవవాడుగా వచ్చెను. తరువాత ఎన్నడును ఆ పందెము గెలువలేదు. అతడు ఏడ్చెనను మాటను మనము దాటిపోరాదు. ఇచ్చుట అతనికి సులువు కాలేదు. అయినను ఇచ్చెను.

మూడవది: మంచి తోటివాడు వెనుకకు తిరిగి చూచును. దీనిని గూర్చి వ్రాయుటకు మాకు సిగ్గుగా నున్నది, ఏలయనగా ఈ పాఠము మేము మా తప్పువలన నేర్చుకొంటిమి.

చాల యేండ్ల క్రిందట, ఆరు మైళ్ల దూరముననున్న ఒక గ్రామములో కోతపండుగ ఆరాధనకు వాక్యము చెప్పుటకు మేము పోవలసియుండెను. సంఘములోని ఇద్దరు పడుచువాండ్రు మాతో బయలుదేరిరి. అందులో ఒకడు క్రొత్తగా బాప్తిస్మము పొందినవాడు. అతని సైకిలు పాతది. అప్పటికే మూడు చేతులు మారినది. రెండు మైళ్లు పోవునప్పటికి అతడు వెనుకబడెను. వేళ మించుచుండెను. అతడు దారి ఎరుగును గదా, మెల్లగా వచ్చునులే యనుకొని మేము తొక్కుచు పోతిమి. తిరిగి చూడలేదు.

ఆరాధన జరిగెను. ధాన్యపు బస్తాలు, గుమ్మడికాయలు, కోడిపుంజులు కానుకలుగా వచ్చెను. ఆ దినమున మేము చెప్పిన వాక్యము ఏదనుకొనుచున్నారు? తొంబది తొమ్మిదింటిని విడిచి ఒక్క గొఱ్ఱెను వెదకబోయిన కాపరి సంగతి! ప్రజలు శ్రద్ధగా వినిరి. ఆ పడుచువాడు మాత్రము అక్కడ లేడు. సాయంకాలము తిరిగివచ్చుచు అతని ఇంటి ముందుగానే వచ్చితిమి, అలసియున్నామని ఆగలేదు.

తరువాతి ఆదివారము అతడు గుడికి రాలేదు. ఆ మరుసటి ఆదివారమును రాలేదు. ఆరు నెలలు గడచెను. అతని విశ్వాసము గట్టిది కాదని మేము తీర్పు తీర్చితిమి. మాతో ఏమియు చెప్పక ఆ యింటికి పోయినవాడు చదువురాని ఒక వృద్ధుడు. వారము వారము పోయి, అతని అరుగుమీద కూర్చుండి, వ్యవసాయము మాటలాడి వచ్చెడివాడు. ఒక శనివారము, “నాయనా, రేపు నన్ను నీ సైకిలుమీద గుడికి తీసుకుపోతావా? నా మోకాళ్లు పట్టేసినై” అని అడిగెను. మరునాడు ఆ పడుచువాడు ముసలివానిని వెనుక కూర్చుండబెట్టుకొని గుడికి వచ్చెను.

ఆరాధన ముగిసిన పిమ్మట మేము అతని దగ్గరకు పోయి, ఆ దినమున ఏమి జరిగెనని అడిగితిమి. అతడు తల వంచుకొని, “టైరు పగిలిందండి, అయ్యగారూ. మీరు వెనక్కి తిరిగి చూస్తారేమోనని చెరువు మలుపుదాకా చూస్తూనే ఉన్నాను. మీరు మలుపు తిరిగినాక ఇంటికి వెళ్లిపోయానండి” అనెను.

ఆ మాట మేము నేటివరకు మరువలేదు. అతడు మమ్మును నిందించి చెప్పలేదు, జరిగినది చెప్పెను. అతడు విడిచిపెట్టినది సంఘమును కాదు. సంఘమే అతని విడిచి మలుపు తిరిగెను. మేము వేళకు చేరితిమి, మంచి వాక్యము చెప్పితిమి. అయితే దేవుడు ఆ దినమున మాకు అప్పగించిన గొఱ్ఱె చెరువుగట్టున నిలిచియుండెను.

ప్రియులారా, లేఖనములలో బర్నబాను చూడుడి. మార్కు అనబడిన యోహాను పంఫూలియలో తోటివారిని విడిచి యెరూషలేమునకు తిరిగిపోయెను. మరల ప్రయాణమైనప్పుడు పౌలు అతని వద్దనెను. బర్నబా అతని చెయ్యి విడువలేదు. అతని వెంటబెట్టుకొని కుప్రకు ఓడ ఎక్కెను. సంవత్సరములు గడచిన పిమ్మట చెరసాలలోనున్న పౌలే, మార్కు తనకు ప్రయోజనకరుడని వ్రాసి, అతని తోడుకొని రమ్మని తిమోతిని కోరెను. బర్నబా ఆగియుండనియెడల ఏమగునో యోచించుడి.

అంతకంటె గొప్ప మాదిరి ఎమ్మాయు దారిలో కలదు. ఆ ఇద్దరు శిష్యులు సంతోషముతో పోవుచున్నవారు కారు. ఆశ పోగొట్టుకొని, యెరూషలేమును విడిచి ఆమడ దూరము పోవుచున్నవారు. లేచిన ప్రభువు వారిని గద్దించి దారికి అడ్డము నిలువలేదు. వారి ప్రక్కకు వచ్చి, వారి అడుగుతో అడుగు కలిపి, మొదట వారి దుఃఖమును అడిగి వినెను. తరువాతనే లేఖనములు బోధించెను. వారు ఆయనను గుర్తుపట్టినప్పుడు, ప్రొద్దు గ్రుంకినను, అలసట తోచక, ఆ ఆమడ దారియు తిరిగి నడిచి సహోదరులను కలిసికొనిరి. తప్పుదిక్కున పోవువారితో కొంతదూరము నడిచినవాడే వారిని త్రిప్పగలిగెను.

కాబట్టి వచ్చు ఆదివారము గుడిలో కూర్చున్నప్పుడు ఒక్క పని చేయుడి. చాపలమీద కూర్చున్నవారిని చూచి తృప్తిపడక, ఖాళీగానున్న చోటు ఎవరిదో జ్ఞాపకము చేసికొనుడి. అప్పులపాలైనవాడా? భర్తను పోగొట్టుకొనిన సహోదరియా? కూటములో ఎవరో అన్న ఒక మాటకు నొచ్చుకొనినవాడా? ఏల రాలేదని అడుగుటకు పోవద్దు. ఊరక పోయి అరుగుమీద కూర్చుండుడి. వారి టైరు ఎక్కడ పగిలినదో వారే చెప్పెదరు.

మరియు ఇది చదువుచున్న మీలో ఎవరైనను చెరువు మలుపున నిలిచి, మమ్మును చూచి చూచి ఇంటికి తిరిగిపోయినవారున్నయెడల, మమ్మును క్షమింపుడి. మేము మలుపు తిరిగితిమి గాని ప్రభువు తిరుగలేదు. ఆయన ఇంకను మీ ప్రక్కనే యున్నాడు.

మనలను విడువని ఆ తోడు, ఒకరికొకరము తోడుగా నుండుటకు మనకు కృప ననుగ్రహించును గాక. ఆమేన్.