యంత్రానికి శీలం ఉండదు, చేసేవారికి ఉండాలి



ఈ మధ్య ఎక్కడ విన్నా కృత్రిమ మేధ మాటే. బ్యాంకు ఎవరికి అప్పు ఇవ్వాలి, కంపెనీ ఎవరిని ఉద్యోగానికి పిలవాలి, సర్కారు పథకానికి ఎవరు అర్హులు అనేవి తేల్చడంలో కూడా కంప్యూటర్ చేరింది. "కంప్యూటర్ చెప్పింది కదా, నిజమే అయి ఉంటుంది" అని చాలామంది ఊరుకుంటున్నారు. ధమ్మ మార్గంలో నడిచే మనం అలా ఊరుకోవచ్చా?

కేసపుత్త గ్రామంలో కాలాములకు భగవాన్ బుద్ధుడు ఏం బోధించాడు? పరంపరగా వస్తోందని గానీ, గ్రంథంలో ఉందని గానీ, చెప్పేవాడు గురువని గానీ దేన్నీ నమ్మవద్దన్నాడు. దానివల్ల మేలు జరుగుతుందో కీడు జరుగుతుందో మీరే పరీక్షించి తెలుసుకోండన్నాడు. గ్రంథానికే లేని మినహాయింపు కంప్యూటర్‌కు ఎందుకు?

అసలు ఈ యంత్రం ఎలా నేర్చుకుంటుంది? పాత రికార్డులు చూసి నేర్చుకుంటుంది. అమెరికాలో అమెజాన్ కంపెనీ ఉద్యోగ దరఖాస్తులను వడపోయడానికి ఒక ప్రోగ్రామ్ తయారు చేయించింది. అంతకుముందు పదేళ్లలో వచ్చిన దరఖాస్తులతో దానికి నేర్పారు. వాటిలో ఎక్కువ మగవాళ్లవే. దాంతో అది ఆడవాళ్ల దరఖాస్తులను తక్కువ చేసి చూసింది. కంపెనీ దాన్ని పక్కన పెట్టేసిన సంగతి 2018లో బయటికి వచ్చింది. అదే ఏడాది జాయ్ బువొలామ్విని, టిమ్నిట్ గెబ్రు అనే పరిశోధకులు ముఖం చూసి ఆడా మగా చెప్పే ప్రోగ్రాములను పరీక్షించారు. తెల్లరంగు మగవాళ్ల విషయంలో తప్పులు నూటికి ఒకటి కూడా లేవు. నల్లరంగు ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఒక ప్రోగ్రామ్‌లో నూటికి 34 దాటాయి.

మరి మన దేశపు పాత రికార్డు ఎలాంటిదో మనకు ఎవరైనా చెప్పాలా? దరఖాస్తులో కులం గడి తీసేసినా ఇంటిపేరు ఉంటుంది, ఊరి పేరు ఉంటుంది, పేట పేరు ఉంటుంది. వాటిని బట్టి కులాన్ని మనుషులు పసిగట్టినట్టే యంత్రమూ పసిగట్టగలదు.

తెలంగాణలో ఏం జరిగిందో చూడండి. కంప్యూటర్ లెక్కల ఆధారంగా లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయి. ముందుగా నోటీసు లేదు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022లో కోర్టు ఆదేశించింది. రేషన్ బియ్యం మీద బతికే ఇంటికి కార్డు పోవడమంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు.

ఇందులో పాపం ఎవరిది? చేతననే, అంటే సంకల్పాన్నే, బుద్ధుడు కమ్మ అన్నాడు. యంత్రానికి చేతన లేదు. కాబట్టి కమ్మ దాన్ని తయారు చేసినవారిది, కొన్నవారిది, దాని మాట విని సంతకం పెట్టినవారిది. "సిస్టమ్‌లో అలా వచ్చిందండీ" అంటే తప్పు తప్పిపోదు. 2021లో యునెస్కో సభ్యదేశాలు ఆమోదించిన కృత్రిమ మేధ నీతి సిఫార్సు కూడా, చివరి బాధ్యత ఎప్పుడూ యంత్రం మీదికి నెట్టరాదనే చెబుతుంది.

బుద్ధుడు రాహులుడికి అద్దాన్ని ఉపమానంగా తీసుకుని చెప్పిన ఉపదేశం ఇక్కడ సరిగ్గా పనికొస్తుంది. ఏ పనైనా చేయబోయే ముందు, చేస్తున్నప్పుడు, చేసిన తర్వాత పరీక్షించుకోమన్నాడు. అది నాకు గానీ ఇతరులకు గానీ హాని చేస్తుందా అని అడుగుకోమన్నాడు.

చేయబోయే ముందు: ఈ యంత్రం ఎవరి కోసం? దానికి నేర్పే రికార్డులో ఎవరున్నారు, ఎవరు లేరు? జనం సమాచారాన్ని వాళ్లకు చెప్పే తీసుకున్నామా? ఇవ్వనిది తీసుకోకూడదన్నది మన రెండో శీలం.

చేస్తున్నప్పుడు: ఆడవాళ్లకు, దళితులకు, ఆదివాసులకు, ముసలివాళ్లకు విడివిడిగా తప్పులు లెక్క పెడుతున్నామా? మొత్తం మీద నూటికి 95 సరిగ్గా వచ్చాయంటే చాలదు. మిగిలిన ఐదుగురు ఎవరో చూడాలి.

చేసిన తర్వాత: నష్టపోయినవాడికి కారణం చెబుతున్నామా? అతని మొర వినడానికి ఒక మనిషి ఉన్నాడా? తప్పని తేలితే ఆపే ధైర్యం ఉందా?

స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అనే మూడు మాటలను ఫ్రెంచి విప్లవం నుంచి కాదు, బుద్ధుని బోధల నుంచి తీసుకున్నానని బాబాసాహెబ్ 1954లో రేడియో ప్రసంగంలో చెప్పారు. ఈ మూడింటినీ దెబ్బతీసేది ఎంత తెలివైన యంత్రమైనా ప్రజ్ఞ కాదు. శీలం, కరుణ తోడు లేని తెలివిని బాబాసాహెబ్ ఎన్నడూ మెచ్చుకోలేదు.

హైదరాబాదులో, బెంగళూరులో, అమెరికాలో సాఫ్ట్‌వేర్ పని చేస్తున్న మన పిల్లలారా, సమ్మా ఆజీవం మీకూ వర్తిస్తుంది. మీ టేబుల్ మీదికి వచ్చిన పనిలో ఈ మూడు ప్రశ్నలూ నోరు తెరిచి అడగండి. ఊళ్లో ఉన్న అమ్మలారా, అయ్యలారా, కార్డు పోయినా పింఛను ఆగినా కారణం కాగితం మీద రాసి ఇమ్మనండి. ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. రాయడం రాకపోతే విహారానికి రండి, చదువుకున్న పిల్లలు రాసిపెడతారు. అదీ ధమ్మ సేవే.

నమో బుద్ధాయ. జై భీమ్.